నేను రాసిన నోటీసు

నేను ఇప్పటికి పదకొండు నవలలు రాశాను. మా వారు వాటిలో ఒక్కటి కూడా పూర్తిగా చదవలేదు. అడిగితే "మనిషి ఎదురుగా ఉండగా మళ్ళీ పుస్తకం దేనికోయ్?" అంటారు. అలాంటి మనిషి నేను రాసినదొకటి మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నిలబడి చదివారు. నిలబడి అని ఎందుకంటున్నానంటే, అది గోడకి అంటించి ఉంది. మా ఊరి ఎలిమెంటరీ స్కూలు గోడకి!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నా రచనలన్నిటిలోకీ మా ఊళ్ళో ఎక్కువమంది చదివిందీ, చదివించుకుని విన్నదీ ఆ ఒక్క పేజీయే. దానికి నాకు ముట్టిన పారితోషికం ఒక గ్లాసు మజ్జిగ. అయినా దాన్ని తలుచుకుంటే కలిగే తృప్తి మిగతా పదకొండింటితోనూ కలగలేదు. ఆ కథే చెబుతాను వినండి.

ఇది 2025 ఏప్రిల్ నాటి మాట. మాది తెనాలి వైపు పల్లెటూరు. మా వారు రోజూ మోటారు సైకిలు మీద టౌనులో బాంకుకి వెళ్ళొస్తారు. నేను ఇంట్లో కూర్చుని, లేని మనుషులకి పెళ్ళిళ్ళూ విడాకులూ చేస్తుంటాను. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు పెట్టారు గదా, పొద్దున్న ఏడూ ముప్పావుకి మొదలై పన్నెండున్నరకి బడి అయిపోతుంది. ఆ వేళకి మా వీధి వీధంతా పిల్లల కేకలు. తర్వాత మళ్ళీ సాయంత్రం దాకా ఎండ తప్ప మనిషి కనిపించడు.

అలాంటి ఎండలో, ఒకరోజు ఒంటిగంటకి బళ్ళో హెడ్మిస్ట్రెస్ గారు మా ఇంటికొచ్చారు. గొడుగు మడిచి, చెంగుతో మొహం తుడుచుకుని, కుర్చీలో కూర్చోకుండానే "మీవల్ల ఒక సాయం కావాలండీ" అన్నారు.

నవలలు రాసేవాళ్ళని మన ఊళ్ళల్లో జనం అడిగే సాయాలు రెండే. ఒకటి పెళ్ళి శుభలేఖ, రెండోది సన్మానపత్రం. ఈవిడ మూడోది అడిగారు. "ఆఖరి పనిదినం దగ్గరికొచ్చేసింది. తల్లిదండ్రులకి చెప్పాల్సినవి బోలెడున్నాయి. అందరికీ పట్టేటట్టు ఒక కాగితం రాసివ్వండి" అన్నారు.

"వాట్సాప్‌లో పెట్టెయ్యొచ్చు గదండీ?"

"నాలుగుసార్లు పెట్టాను. నలభై నమస్కారం బొమ్మలొచ్చాయి. చదివారన్న నమ్మకం మాత్రం లేదు. ఫోను నాన్న జేబులో ఉంటుంది. నాన్న పొలంలో ఉంటాడు. పిల్ల సంగతి అమ్మకి తెలియాలి. అమ్మ చేతిలో ఫోను ఉండదు."

సంచీలోంచి చీటీ తీసి చదివారు. ఏప్రిల్ 23 ఆఖరి పనిదినం, ప్రోగ్రెస్ కార్డులకి తల్లో తండ్రో రావాలి. జూన్ 12న బడి తెరుస్తారు. పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళిన కథల పుస్తకాలు తిరిగి ఇవ్వాలి. ఒకటో తరగతిలో చేర్చేవాళ్ళు పేర్లు చెప్పాలి. అయిదో తరగతి పిల్లలు రికార్డు షీట్లు తీసుకుని హైస్కూల్లో చేరాలి. పిల్లల్ని ఎండలోకీ, చెరువు గట్లకీ పంపకూడదు. అంతే.

అంతేనా అనుకున్నాను. బి.ఏ.లో స్పెషల్ తెలుగు చదివినదాన్ని, ఈ మాత్రం రాయలేనా అని ఆ రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని నాలుగు పేజీలు దంచాను. చిట్టి పాదాల సవ్వడికి పులకించిన పాఠశాల ప్రాంగణం... విద్యాసుమాలు... తోటమాలులు... ఏవేవో పడ్డాయి. పొద్దున్నే కాఫీతో పాటు మా వారికి అందించాను. రెండు నిమిషాలు చూసి అడిగారు.

"ఏప్రిల్ 23 ఇందులో ఎక్కడుంది?"

"మూడో పేజీలో."

"అక్కడిదాకా వచ్చేసరికి జూన్ 12 అయిపోతుందోయ్!"

నాకు మండుకొచ్చింది. నోటీసుకి మాత్రం అందం ఉండకూడదా? ఆ కాగితాలు పట్టుకుని విసురుగా బడికి వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ గారు ఓపిగ్గా మొత్తం చదివి "చాలా బావుందండీ" అన్నారు. పత్రికల వాళ్ళు కథ తిప్పి పంపేముందు సరిగ్గా ఆ గొంతుతోనే అంటారు. ఆ మాట నాకు తెలియనిది కాదు.

నా మొహం చూసి జాలి పడ్డారేమో, మజ్జిగ ఇస్తానంటూ గ్లాసు కోసం ఇనప బీరువా తెరిచారు. అడుగు అరలో దారంతో కట్టిన అట్టఫైలొకటి కనిపించింది. రాసేవాళ్ళకి కట్టిన కాగితాలు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

"ఇవేమిటండీ?"

"పాత రికార్డు షీట్లు. అయిదో తరగతి అయిన పిల్లలవి. రాసి, సంతకం పెట్టి ఉంచుతాం. తీసుకెళ్ళరు."

"ఎందుకనీ?"

"కొందరు పనులకని ఊరే వదిలి పోయారు. కొందర్ని ప్రైవేటు స్కూలు వాళ్ళు కాగితం అడక్కుండానే చేర్చుకున్నారు. కొందరు..." అని ఆవిడ ఫైలు లోపలికి తోసి, బీరువా తలుపు మూశారు. "కొందరు ఇక్కడే ఉన్నారండీ."

ఆ మజ్జిగ నాకు గొంతు దిగలేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మీలో కొందరికి రికార్డు షీటంటే తెలియకపోవచ్చు. హైస్కూలు వదిలేటప్పుడు టి.సి. ఇచ్చినట్టే, మన వైపు ఎలిమెంటరీ బడి వదిలేటప్పుడు ఇచ్చే కాగితం అది. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఒంటి మీద పుట్టుమచ్చలూ ఉంటాయి. నేను అయిదో తరగతి పూర్తి చేసింది 1980ల చివర్లో. నా రికార్డు షీటులో నేను పుట్టింది జూలై ఒకటో తేదీ. మా అమ్మ లెక్కన నేను పుట్టింది కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడోనాడు! బళ్ళో వేసినరోజు మేష్టారు "ఎప్పుడు పుట్టిందయ్యా?" అంటే, మా నాన్న "బాగా చలిగా ఉందండీ అప్పుడు" అన్నారట. చలిని రిజిస్టర్లో రాయడానికి లేదు గనక, మేష్టారు అయిదేళ్ళు వెనక్కి లెక్కేసి జూలై ఒకటి వేశారు. మా క్లాసులో సగం మంది ఆ రోజునే పుట్టారు. పదో తరగతి సర్టిఫికెట్లో అదే ఎక్కింది, తర్వాత అన్నిటా అదే. ఇప్పటికీ జూలై ఒకటిన బాంకు వాళ్ళు నాకు పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుతారు. ఆ బాంకులోనే పనిచేసే మా వారు మాత్రం రెండు తేదీలూ మర్చిపోతారు.

నాది నవ్వుకునే తప్పు. నా పక్కన కూర్చునే పిల్లది అలా కాదు.

లెక్కల్లో నాకెప్పుడూ దానికంటే రెండు మార్కులు తక్కువే. ఎక్కాలు ఇరవై దాకా, కింద నుంచి పైకి కూడా చెప్పేది. ఆఖరి రోజున అందరం వరసగా వెళ్ళి మేష్టారి దగ్గర రికార్డు షీట్లు తీసుకున్నాం. దాని పేరు పిలిస్తే "మా నాన్న వచ్చి తీసుకుంటాడండీ" అంది. వేసవి సెలవుల్లో మామిడికాయలు కోసుకున్నాం, ముంజలు తిన్నాం, ఒకే చందమామ ఇద్దరం చదువుకున్నాం. బళ్ళు తెరిచారు. నేను హైస్కూలుకి వెళ్ళాను. అది రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు. పదేళ్ళ పిల్లకి అడగాలని తోచలేదు. పోనీ పెద్దవాళ్ళకి తోచిందా అంటే, వాళ్ళూ అడగలేదు.

చాలా ఏళ్ళకి ఒక పెళ్ళిలో కనిపించింది. వడ్డన దగ్గర నిలబడి, ఎన్ని విస్తళ్ళు లేచాయో, ఎన్ని బూరెలు పట్టాయో నోటితోనే లెక్క చెబుతోంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుని నవ్వి, "నా కాగితం ఇంకా ఆ బళ్ళోనే ఉండుంటుందే!" అంది. ముప్ఫై ఏళ్ళు దాటినా మొదటి మాట అదే! ఆ కాగితం తెచ్చుకోవడానికి వాళ్ళ నాన్నకి అడ్డమొచ్చింది కోపమూ కాదు, పగా కాదు. ఆ రోజు కుప్ప నూర్పిళ్ళు. మర్నాడు ఇంకేదో. ఆ తర్వాత ఎవరూ గుర్తు చెయ్యలేదు. అంతే.

ఎవరూ గుర్తు చెయ్యలేదు! ఇది తట్టేసరికి నాకు నా నాలుగు పేజీల పులకింతలూ చేదుగా అనిపించాయి. ఆ సాయంత్రం మళ్ళీ హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి వెళ్ళి, రికార్డు షీటు గురించి అడగాల్సినవన్నీ అడిగాను. ఆవిడ చెప్పినవి వింటే ఇంతకాలం నాకూ తెలియలేదే అనిపించింది.

2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలుకొచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా చదువు పిల్లల హక్కు. బడి మారాలంటే హెడ్మాస్టరు ఆ కాగితం వెంటనే ఇవ్వాల్సిందే. ఒకవేళ అది రావడం ఆలస్యమైనా, ఆ వంకతో కొత్త బడివాళ్ళు చేర్చుకోమనడానికి వీల్లేదు. వయసుకి రుజువు లేదనీ వెనక్కి పంపకూడదు. అంటే కాగితం లేకపోతే చదువు పోవాలన్న రూలు ఎక్కడా లేదన్నమాట! మరి పోతున్నది దేనివల్ల? "అడక్కపోవడం వల్లనండీ" అన్నారావిడ. "మేం ఇస్తామని వాళ్ళకి తెలియదు. వాళ్ళు రారని మేం అనుకుంటాం."

పోతే, పుట్టిన తేదీ సంగతి. 2023 అక్టోబరు 1 నుంచి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆ రోజు మొదలు పుట్టిన పిల్లలకి బళ్ళో చేరడానికి జనన ధ్రువపత్రమే ఆధారం. నాలాగా జూలై ఒకటిన పుట్టేవాళ్ళు ఇక తగ్గిపోతారు. కానీ ఇప్పుడు చదువుతున్న పిల్లల పేరులో ఒక అక్షరం తప్పినా, ఇంటిపేరు మారినా అది కంప్యూటర్లో ఎక్కి, పిల్ల వెంట కాలేజీ దాకా వస్తుంది. అయిదో తరగతిలో అయిదు నిమిషాల్లో దిద్దేది, పదో తరగతి దాటాక ఎన్ని ఆఫీసులు తిరిగినా తెమలదు.

ఆ రాత్రి పది నిమిషాల్లో రెండో నోటీసు రాశాను. అది ఇది:

"అమ్మలకీ, నాన్నలకీ, అమ్మమ్మ తాతయ్యలకీ! ఏప్రిల్ 23న బడికి రండి. పని ఉంటే పని బట్టలతోనే రండి. మీ పిల్ల ఏం చదివిందో టీచరు చెబుతుంది. అయిదో తరగతి పిల్లలకి రికార్డు షీటు ఇస్తాం. దానికి డబ్బు కట్టక్కర్లేదు. అందులో ఉన్నది చదివించుకుని వినండి. పేరు, తేదీ, పుట్టుమచ్చ - ఏది తప్పున్నా అప్పుడే చెప్పండి. మీకు చదువు రాకపోతే సిగ్గు లేదు, అడక్కపోతే నష్టం. ఆ కాగితంతో పిల్లని ఆరో తరగతిలో చేర్చండి. దూరమని మానిపించకండి, ముందు మాతో మాట్లాడండి. కథల పుస్తకం చిరిగినా సరే తెచ్చివ్వండి. పిల్లల్ని మిట్టమధ్యాహ్నం ఎండలోకీ, పెద్దవాళ్ళు తోడు లేకుండా చెరువుకీ పంపకండి. బళ్ళో పెట్టే గుడ్డూ చిక్కీ సెలవుల్లో ఉండవు, కాస్త గుర్తు పెట్టుకుని తినిపించండి. జూన్ 12న బడి తెరుస్తాం. ఆ రోజు ఎవరు రాకపోయినా మీ ఇంటికి వస్తాం."

చివరి వాక్యం హెడ్మిస్ట్రెస్ గారిని అడక్కుండా రాశాను. ఆవిడ చదివి, ఒక నిమిషం ఆగి, "సరే, వస్తాం" అన్నారు.

దాన్ని పెద్ద అక్షరాలతో రాయించి బడి గోడకీ, పాలకేంద్రం గోడకీ, రామాలయం అరుగు దగ్గరా అంటించాం. పాలకేంద్రం దగ్గర సాయంత్రాలు ఎవరో ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు వినేవారు. మా వారు నిలబడి చదివింది అక్కడే. ఇంటికొచ్చి, "బావుందోయ్! నవలలు కూడా ఇలా రాయరాదూ?" అన్నారు. పొగడ్త అనుకోవాలో, తెగడ్త అనుకోవాలో నాకిప్పటికీ తెలియలేదు.

మా ఇంట్లో పని చేసే ఆమె కూతురు ఆ ఏడు అయిదో తరగతి. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల అవతల పక్కూళ్ళో ఉంది. ఒకరోజు గిన్నెలు తోముతూ అడిగింది.

"అమ్మగారూ, ఆ కాగితం తీసుకోకపోతే ఏమవుద్దండీ?"

"ఏమీ అవదమ్మా, బీరువాలో ఉంటుంది" అన్నాను.

"మరి పిల్ల?"

"ఇంట్లో ఉంటుంది."

గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి తనే చెప్పింది. చిన్నవాడికి మూడేళ్ళు, నాట్లకీ కోతలకీ వెళ్తే వాణ్ణి చూసేవాళ్ళు లేరు. పైగా ఎదిగే ఆడపిల్ల, రోజూ బస్సెక్కి పక్కూరికి. మొగుడు వద్దనడు, పంపించమనీ అనడు. నేను ఉపన్యాసం మొదలెట్టబోయి నాలిక కరుచుకున్నాను. హైస్కూలు చదివే ఆడపిల్లలకి ఆర్టీసీ బస్సు పాసు ఉచితమనీ, చిన్నవాణ్ణి అంగన్‌వాడీలో వెయ్యొచ్చనీ, అదీ కుదరకపోతే ఆరో తరగతి నుంచి హాస్టలు పెట్టి చదివించే కస్తూర్బా బాలికా విద్యాలయాలు 2004 నుంచీ ఉన్నాయనీ మాత్రం చెప్పాను. వింది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఏప్రిల్ 23 వచ్చింది. ప్రేక్షకురాలిలా నేనూ వెళ్ళి ఒక మూల బెంచీ మీద కూర్చున్నాను. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు తల్లులకి ముగ్గుల పోటీ, తండ్రులకి తాడు లాగే పోటీ జరిగాయి. ఆ రోజున్నంత సందడి ఇప్పుడు లేదు గానీ, వచ్చినవాళ్ళు బాగానే వచ్చారు. కొందరు నిజంగానే పని బట్టలతో వచ్చారు. కథల పుస్తకాలు కూడా వచ్చాయి. ఒకదానికి ముందు అట్ట లేదు, ఇంకోదానికి వెనకది లేదు. హెడ్మిస్ట్రెస్ గారు రెండూ తీసుకుని "చదివారన్నమాట!" అన్నారు.

మా పనామె చిన్నవాణ్ణి చంకనేసుకుని, అన్నిటికంటే చివర వచ్చింది. రికార్డు షీటు ఆమె ముందు పెట్టి, సంతకానికి బదులు వేలిముద్ర కోసం ఇంకు డబ్బా జరిపారు. ఆమె చెయ్యి చాచలేదు.

"ముందు చదివి చెప్పండమ్మా" అంది.

పేరు చదివారు. సరే. తండ్రి పేరు. సరే. పుట్టిన తేదీ. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, "ఆఁ, ఆస్పత్రి కాగితంలో అదే" అంది. పుట్టుమచ్చలు. మొదటిది కుడి చెక్కిలి మీద అని చదివారో లేదో, "కాదు!" అంది. గది గదంతా ఇటు తిరిగి చూసింది. "ఎడం వైపండీ. నాకు చదువు రాకపోతే రాకపోయింది గానీ, నా పిల్ల పుట్టుమచ్చ నాకు తెలీదా?"

కూతుర్ని దగ్గరికి లాగి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పి చూపించింది. నిజమే, ఎడం చెంప మీద ఆవగింజంత మచ్చ. ఎదురుగా నిలబెట్టి చూసి రాసిన టీచరుకి తన కుడి పిల్ల కుడి అయిపోయింది. హెడ్మిస్ట్రెస్ గారు ఆ కాగితం పక్కన పెట్టి, అప్పటికప్పుడు కొత్తది రాసి, మళ్ళీ మొత్తం పైకి చదివారు. అప్పుడు వేసింది వేలిముద్ర. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టకుండా, రేషను కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులో నిలువుగా పెట్టుకుంది.

కాగితం తీసుకున్నంత మాత్రాన పిల్ల చేరినట్టు కాదని నాకూ తెలుసు. సెలవులు యాభై రోజులు. అడ్డం రావడానికి యాభై పనులు చాలు. ఆ యాభై రోజులూ ఆమెని నేనేమీ అడగలేదు. పండు మిరపకాయల గురించీ, మామిడి ఒరుగుల గురించీ మాట్లాడుకున్నాం. జూన్ 12 దగ్గరపడేకొద్దీ నాకు నవల ముందుకి సాగటం మానేసింది.

ఆ రోజు పొద్దున్నే నాకు బస్టాపు దగ్గర ఏదో పని పడింది. ఏం పనో మా వారు అడగలేదు. తనకీ అటువైపే పనుందని మోటారు సైకిలు తీశారు. చెట్టు కింద నిలబడ్డాం. బస్సు వచ్చే వేళకి తల్లీ కూతుళ్ళు వచ్చారు. తల్లి చేతిలో ఆ ప్లాస్టిక్ కవరు. పిల్ల రెండు జడలూ ఇంత బిగించి కట్టుంది, కనుబొమలు పైకి లేచిపోయాయి.

"చిన్నాడేడీ?" అన్నాను.

"అంగన్‌వాడీలో ఏడుస్తన్నాడండీ" అని, నవ్వు ఆపుకుంటూ బస్సెక్కింది.

ఇప్పుడామె పక్కూరి హైస్కూలుకి పిలిచినప్పుడల్లా వెళ్ళొస్తోంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సుల్లో టికెట్టు కూడా లేదాయె! వెళ్ళినప్పుడల్లా ఆ హైస్కూలు గోడ మీద ఏం అంటించి ఉందో కూతురి చేత చదివించుకుని వస్తుందట. వచ్చి నాతో "మీరు రాసినట్టు లేదండీ, ఏమీ తెలవట్లేదు" అంటుంది.

పదకొండు నవలలకి ఇంత మంచి సమీక్ష నాకెవరూ రాయలేదు.